నడి ఎండలో అవుట్‌డోర్ షూట్‌కు బ్యాటరీ స్ట్రోబ్: 600 వాట్-సెకన్ల లైటు ఒకటా, 200 వాట్-సెకన్లవి రెండా?

గుంటూరు ఛాయ (అరండల్‌పేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. కల్యాణ మండపాల్లో కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్‌ను తెల్లటి పైకప్పు వైపు తిప్పి, అక్కడి నుంచి కిందికి వచ్చే మెత్తటి కాంతితో ఇంతకాలం పని నడిపాను. ఇప్పుడు వచ్చే పనిలో పెద్ద భాగం ఆరుబయటే ఉంటోంది. పెళ్లికి ముందే జంటను ఉండవల్లికో, భవానీ ద్వీపానికో, కొండవీడు కోటకో, సూర్యలంక తీరానికో తీసుకెళ్లి ఫొటోలు తీయమంటున్నారు. తెల్లవారుజామున బయలుదేరదామని ఎంత చెప్పినా, అమ్మాయి అలంకరణ పూర్తయి అందరూ కారెక్కేసరికి పది దాటుతుంది. అక్కడికి చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. కనుగుంటల్లో నల్లటి నీడలు, నుదుటి మీద తెల్లటి మెరుపు, వెలిసిపోయినట్టు కనిపించే పట్టుచీర రంగు, ఇవన్నీ ఆ కాంతిలో తప్పడం లేదు.

దీనితోపాటు నేను సొంతంగా చేయాలనుకుంటున్న పని ఒకటి ఉంది. మిరప కల్లాల్లో కాయలు ఎండబెట్టే రైతులను, తొడిమలు తీసే మహిళలను, యార్డులో టిక్కీలు (మిరపకాయల బస్తాలు) మోసే హమాలీలను, వాళ్లు పనిచేసే చోటే, వాళ్లకు తగిన గౌరవంతో, మంచి వెలుగులో నిలబెట్టి చిత్రించాలని నా కోరిక. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కల్లాలు నిండుగా ఉంటాయి కాబట్టి అప్పటికి లైటు నా చేతిలో ఉండాలి. పొలం గట్టున ప్లగ్గు దొరకదు. జనరేటర్ మోసుకెళ్లే స్తోమత, దాన్ని చూసుకునే మనుషులు నాకు లేరు. అందుకే బ్యాటరీతో నడిచే స్ట్రోబ్, అంటే పెద్ద ఫ్లాష్ లైటు, కొనాలని నిశ్చయించుకున్నాను.

నా దగ్గరున్న డబ్బుతో 600 వాట్-సెకన్ల (ఒక్క మెరుపులో వదిలే శక్తికి కొలత) లైటు ఒకటి కొనవచ్చు, లేదా 200 వాట్-సెకన్లవి రెండు కొనవచ్చు. మన ప్రాంతపు మధ్యాహ్నపు ఎండకు 200 చాలుతుందా? వెనుక దృశ్యాన్ని మసకబరచడానికి ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) పెద్దగా తెరవాలంటే హై స్పీడ్ సింక్ (చాలా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడే పద్ధతి) మంచిదా, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌కు బిగించే, వెలుగు తగ్గించే ముదురు గాజు) మంచిదా? ఈ బ్యాటరీలు మన వేసవిని తట్టుకుంటాయా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కృష్ణలంక కెమెరా (విజయవాడ)

గుంటూరు ఛాయ గారూ, ఎంత పెద్ద లైటు కొనాలన్నది దాన్ని మనిషికి ఎంత దగ్గరగా పెట్టగలరన్నదాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి లెక్కను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మబ్బులేని ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందన) 100, షట్టర్ 1/200 సెకను పెట్టుకుంటే ఎపర్చర్ సుమారు ఎఫ్/11 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర నిలుస్తుంది. ముఖం మీద ఎండతో సమానమైన వెలుగు వేయాలంటే మీ ఫ్లాష్ కూడా ఎఫ్/11 ఇవ్వగలగాలి. గోడాక్స్ ఏడీ200 అనే 200 వాట్-సెకన్ల లైటుకు ఫ్రెనెల్ హెడ్‌తో (ముందు గాజు ఉన్న తలతో) తయారీదారు చెప్పే గైడ్ నంబర్, అంటే ఎఫ్ అంకెతో భాగిస్తే లైటు అందే దూరం వచ్చే అంకె, ఐఎస్ఓ 100 వద్ద, మీటర్లలో 52. దాన్ని 11తో భాగిస్తే 4.7 మీటర్లు వస్తుంది. అయితే అది గుడ్డ ఏదీ అడ్డులేని కటిక కాంతి. లోపల ఒకటి, బయట ఒకటి రెండు పొరల గుడ్డ ఉన్న సాఫ్ట్‌బాక్స్ (కాంతిని మెత్తబరిచే పెట్టె) తగిలిస్తే సుమారు రెండు స్టాపులు పోతాయి (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). రెండు స్టాపులు పోతే దూరం సగమవుతుంది. అంటే 200 వాట్-సెకన్ల లైటు, సాఫ్ట్‌బాక్స్‌తో, నిండు ఎండకు సమానంగా నిలబడగలిగేది దాదాపు 2.4 మీటర్ల వరకే.

600 వాట్-సెకన్లంటే దానికి మూడు రెట్లు. వినడానికి ఎంతో పెద్ద తేడాలా ఉంటుంది గాని స్టాపుల్లో చూస్తే ఒకటిన్నర పైచిలుకు, దూరంలో చూస్తే 1.7 రెట్లు. అదే సాఫ్ట్‌బాక్స్‌తో సుమారు 4 మీటర్లు పనిచేస్తుంది. 200 వాట్-సెకన్ల లైట్లు రెండూ కలిపి ఒకే సాఫ్ట్‌బాక్స్‌లో పెడితే ఒక్క స్టాపు పెరిగి దాదాపు 3.4 మీటర్లు వస్తుంది. కాబట్టి ఒక్క 200 లైటుకన్నా పెద్ద లైటుకు మీరు పెట్టే అదనపు ఖర్చు ఈ ఒకటిన్నర మీటరు జాగా కోసమే. ఆ జాగా అవసరమయ్యే బొమ్మలేవో ఆలోచించండి. కల్లంలో కూర్చున్న ఒక మనిషిని నడుము వరకు తీసేటప్పుడు లైటును ఫ్రేమ్ అంచు వరకు తీసుకురావచ్చు, 2 మీటర్లు కూడా ఎక్కువే. కొండవీడు బురుజు మొత్తం కనిపించేలా జంటను పాదాల వరకు తీయాలంటే లైటును 4 మీటర్లకు తక్కువలో దాచడం కష్టం. ప్రీ వెడ్డింగ్ పనే మీకు బతుకుదెరువు కాబట్టి నేను 600 వైపే మొగ్గుతాను. దాన్ని సగం పవర్‌లో వాడుకుంటే మళ్లీ సిద్ధమయ్యే సమయం తగ్గుతుంది, బ్యాటరీ రెట్టింపు షాట్లకు వస్తుంది, జంట నవ్వుతూ నడిచే క్షణాల్లో లైటు వెలగలేదన్న బాధ ఉండదు.

ఇక హై స్పీడ్ సింక్ సంగతి. మన కెమెరాల్లో షట్టర్‌కు రెండు తెరలుంటాయి. సాధారణంగా 1/200 లేదా 1/250 సెకను వరకే మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాక రెండోది మూసుకోవడం మొదలుపెడుతుంది. అంతకన్నా వేగంగా వెళ్తే సెన్సార్ మీదుగా ఒక సన్నటి చీలిక మాత్రమే పరుగెడుతుంది. ఒక్క మెరుపు ఇస్తే ఫొటోలో కొంత భాగానికే వెలుగు తగులుతుంది. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ తన శక్తిని చిన్న చిన్న మెరుపులుగా విడగొట్టి, చీలిక దాటేదాకా ఆపకుండా వెలుగుతుంది. ఆ మెరుపుల్లో చాలా భాగం మూసి ఉన్న తెర మీద పడి వృథా అవుతుంది కాబట్టి సుమారు రెండు స్టాపులు చేతికి రావు. నిండు ఎండలో ఎఫ్/4, 1/1600 సెకను పెట్టారంటే బయటి వెలుగు లెక్క ఎఫ్/11, 1/200 దగ్గర ఉన్నంతే. ఫ్లాష్ మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. 600 లైటు 150లా, 200 లైటు 50లా పనిచేస్తుంది. ఎన్‌డీ ఫిల్టర్‌తో ఈ నష్టం లేదు. మూడు స్టాపుల ఫిల్టర్ బిగించి, షట్టర్‌ను 1/200 దగ్గరే ఉంచి, ఎఫ్/4 తెరిస్తే ఎండ, ఫ్లాష్ రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. లైటు గరిష్ఠ శక్తి అవసరమయ్యే చోట నేను ఫిల్టర్‌నే నమ్ముతాను. ఒక్క జాగ్రత్త: నాసిరకం ఫిల్టర్ రంగును మారుస్తుంది, పసుపు రాసుకున్న ముఖం మీద, జరీ అంచు మీద ఆ తేడా ముందుగా కనబడుతుంది. ఫిల్టర్ దగ్గర పొదుపు చేయవద్దు.

తాడేపల్లి వెలుగు (తాడేపల్లి)

కృష్ణలంక గారి లెక్కలో తప్పేమీ లేదు. కాని ఎండతో సమానంగా వెలిగించాలి అన్న మొదటి మాటతోనే నాకు పేచీ ఉంది. పోటీపడే బదులు ఎండను ఒక లైటుగా వాడుకుంటే చిన్న ఫ్లాష్‌తోనే చాలా పని అవుతుంది.

సూర్యుడిని జంట వెనక్కి తెస్తే వాళ్ల జుట్టు అంచుల్లో, భుజాల మీద వెలుగు గీత వస్తుంది; ముఖం నీడలో ఉంటుంది. నీడలో ఉన్న ముఖాన్ని వెనుక దృశ్యంకన్నా ఒక స్టాపు తక్కువలో నిలిపినా కంటికి సహజంగానే ఉంటుంది. అప్పుడు ఫ్లాష్ ఎఫ్/11 ఇవ్వనక్కర్లేదు, ఎఫ్/8 ఇస్తే చాలు. ఆ ఒక్క స్టాపుతో మీ 200 లైటు 400 చేసే పని చేస్తుంది.

అయితే మన ఊళ్లలో దీనికి ఒక అడ్డంకి ఉంది. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు 7వ తేదీ ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు అక్షరాలా నడినెత్తినే ఉంటాడు. ఆ రోజుల్లో పన్నెండు గంటలకు వెనక్కి తిప్పడానికి సూర్యుడికి వెనకా ముందూ ఉండవు. అప్పుడు నేను చేసేది ఒక్కటే: నాలుగు మూలలా కర్రలకు బిగించిన తెల్లటి పలుచని గుడ్డను జంట తలల పైన పట్టించి నీడను మెత్తబరుస్తాను, కనుగుంటల్లోకి వెలుగు వెళ్లేలా పక్కనుంచి, కంటి ఎత్తుకన్నా కొంచెం పైనుంచి 200 లైటు ఇస్తాను. గుడ్డ పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి, జంటతో వచ్చిన తమ్ముళ్లు, మరదళ్లు ఆ పని సంతోషంగానే చేస్తారు. ఉండవల్లి వంటి చోట రాతి మండపపు నీడ ఎలాగూ ఉంటుంది. కాని ఆ గుహాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ స్టాండు, లైటు పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి కోసం రాసుకోవాలి. ద్వారం దగ్గర నిలబడి బతిమాలితే జరిగే పని కాదు, జరగకూడదు కూడా.

600 వద్దనడానికి నాకున్న పెద్ద కారణం గాలి. ఆ లైటు ఒక్కటే దాదాపు 3 కిలోలు ఉంటుంది. దాన్ని స్టాండు మీద రెండున్నర మీటర్ల ఎత్తున నిలిపి, ముందు సాఫ్ట్‌బాక్స్ తగిలిస్తే అది కృష్ణ ఒడ్డు సాయంత్రపు గాలికి తెరచాప అయిపోతుంది. కింద పడితే పోయేది లైటు మాత్రమే అయితే ఫరవాలేదు, చుట్టూ పిల్లలుంటారు, పెద్దవాళ్లుంటారు. స్టాండు కాళ్లలో ఒకటి లైటు వైపు ఉండేలా తిప్పి, ప్రతి స్టాండుకూ ఇసుక సంచి వేలాడదీయండి. ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడి ఇసుకే నింపుకోవచ్చు. గాలి ఎక్కువగా ఉంటే స్టాండు పక్కన పెట్టి, మోనోపాడ్ (ఒంటికాలి కర్ర) చివర 200 లైటు బిగించి సహాయకుడి చేతికివ్వండి. మనిషి గాలికి తగ్గట్టు సర్దుకుంటాడు, జంట నడిస్తే వాళ్లతో నడుస్తాడు. 600 లైటును అలా పట్టుకొని గంటసేపు నిలబడమని ఎవరినీ అడగలేం. ప్రకాశం బ్యారేజీ మీద మాత్రం ఏ లైటుతోనూ స్టాండు వేయవద్దని వేడుకుంటున్నాను. అది వాహనాలు తిరిగే దారి. బ్యారేజీ వెనుక కనిపించాలంటే సీతానగరం వైపు ఒడ్డు నుంచి తీయవచ్చు.

రెండు 200 లైట్లు కొనండి. ఒకటి చెడితే రెండోది ఉంటుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు ఆ ధైర్యం ఒకటిన్నర మీటరు జాగాకన్నా విలువైనది.

గవర్నరుపేట సర్వీస్ (విజయవాడ)

నేను ఫొటోలు తీసేవాణ్ని కాదు, ఫ్లాషులు బాగుచేసేవాణ్ని. బ్యాటరీ గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయం చెబుతాను.

వాట్-సెకను అంటే ఒక జౌలు శక్తి. 3600 జౌళ్లు కలిస్తే ఒక వాట్-అవర్. 600 వాట్-సెకన్ల లైటు గోడాక్స్ ఏడీ600 ప్రో బ్యాటరీ 28.8 వోల్టులు, 2600 మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే దాదాపు 75 వాట్-అవర్లు. దానితో పూర్తి శక్తి మెరుపులు 360 వస్తాయని తయారీదారు చెబుతాడు. 600 జౌళ్ల చొప్పున 360 మెరుపులంటే 2,16,000 జౌళ్లు, అంటే సరిగ్గా 60 వాట్-అవర్లు. మిగిలినది సర్క్యూట్‌లో వేడిగా పోతుంది. కాబట్టి ఆ అంకె నమ్మదగినదే, కాని కొత్త బ్యాటరీకి మాత్రమే. బ్యాటరీ పాతబడేకొద్దీ అది తగ్గుతుందని, మోడలింగ్ ల్యాంప్ (నీడలు చూసుకోవడానికి ఫ్లాష్‌లో ఉండే చిన్న దీపం) వెలిగించి ఉంచితే ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకొని అదనపు బ్యాటరీ ఒకటి కొనుక్కోండి.

లిథియం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. సాధారణంగా ఈ బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మన దగ్గర వడగాడ్పుల రోజుల్లో బయటి గాలే ఆ దరిదాపులకు వస్తుంది. మూసిన కారులో అంతకన్నా చాలా ఎక్కువ వేడి ఉంటుంది. షూట్ అయ్యాక వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జర్‌కు పెట్టకుండా, గది వేడికి వచ్చేదాకా ఆగండి. షూట్ మధ్యలో లైటును గొడుగు నీడలో ఉంచండి, వరుసగా పూర్తి శక్తితో కొట్టకండి. లైటు లోపల వేడి హద్దు మీరితే అదే వేగం తగ్గించుకుంటుంది. హై స్పీడ్ సింక్‌లో ఆ స్థితి మరింత త్వరగా వస్తుంది. అది చెడిపోయిన లక్షణం కాదు, తనను తాను కాపాడుకుంటోంది, కాసేపు ఆపితే చాలు.

ఆషాఢంలో, శూన్యమాసంలో ముహూర్తాలుండవు కాబట్టి సామాను వారాల తరబడి బీరువాలో ఉండిపోతుంది. అప్పుడు బ్యాటరీని నిండా నింపి గాని, పూర్తిగా ఖాళీ చేసి గాని పెట్టకండి. సగం ఛార్జితో, లైటు నుంచి తీసి విడిగా ఉంచండి. లోపలి కెపాసిటర్ (మెరుపుకు కావలసిన విద్యుత్తును నిలవ చేసే భాగం) కూడా చాలాకాలం వాడకపోతే బలహీనపడుతుంది. నెలకొకసారి లైటు బయటికి తీసి, తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ కొన్ని మెరుపులు ఇవ్వండి.

ఇంకొక మాట ప్రాణానికి సంబంధించినది. ఈ లైట్ల పని 1930లలో ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తీర్చిదిద్దిన పద్ధతిలోనే నేటికీ సాగుతోంది: కెపాసిటర్‌లో వందల వోల్టులు నింపి, వాయువు ఉన్న గాజు గొట్టం గుండా ఒక్కసారిగా వదలడం. బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా ఆ వోల్టేజి లోపల మిగిలి ఉండవచ్చు. కింద పడి పగిలిన లైటును స్క్రూడ్రైవర్‌తో విప్పి చూడాలన్న ఆలోచన ఎంత అనుభవజ్ఞుడికీ రాకూడదు.

గుంటూరు ఛాయ

ముగ్గురికీ కృతజ్ఞతలు. గాలి గురించి తాడేపల్లి మేడమ్ చెప్పింది, దూరం గురించి కృష్ణలంక గారు చెప్పింది కలిపి చూసుకుంటే, కల్లాల పనితో మొదలుపెడుతున్నాను కాబట్టి ముందు రెండు 200 లైట్లు తీసుకోవాలని, 600 కావలసిన పెద్ద షూట్‌లకు దాన్ని అద్దెకు తెచ్చుకోవాలని అనుకుంటున్నాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. కల్లంలో ఎటు చూసినా ఎర్రటి కాయలే. ఇదివరకు తీసిన ఫొటోల్లో గడ్డం కింద, మెడ మీద చర్మం ఎర్రబారి కనిపించింది. ఫ్లాష్ వాడితే అది తగ్గుతుందా, పెరుగుతుందా? ఇక రెండోది, వచ్చే నెల ఒక పెళ్లికి గన్నవరం నుంచి విమానంలో వెళ్లాలి. ఈ బ్యాటరీలను తీసుకెళ్లనిస్తారా?

కృష్ణలంక కెమెరా

అద్దె ఆలోచన బాగుంది, నాకు అభ్యంతరం లేదు.

ఎరుపు గురించి: నేల మీద పరిచిన కాయలు ఎండను ఎర్రగా మార్చి కిందినుంచి ముఖం మీదికి కొడతాయి. వైట్ బ్యాలెన్స్ (కెమెరా మొత్తం ఫొటో రంగును సరిదిద్దే అమరిక) మార్చి దీన్ని సరిచేయలేరు, ఎందుకంటే పైనుంచి వచ్చే వెలుగు తెలుపు, కిందినుంచి వచ్చేది ఎరుపు. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. ఫ్లాష్‌ను దూరంగా, ఎత్తుగా పెట్టి కిందికి వంచితే దాని కాంతి కూడా కాయల మీద పడి ఎరుపును ఇంకా పెంచుతుంది. కాబట్టి లైటును ముఖానికి వీలైనంత దగ్గరకు తీసుకురండి. ఒక మీటరు దగ్గర ఉన్న లైటు వెలుగు రెండు మీటర్లు వెళ్లేసరికి నాలుగో వంతుకు తగ్గుతుంది. ముఖం దగ్గర బలంగా, నేల చేరేసరికి నీరసంగా ఉంటుంది. సాఫ్ట్‌బాక్స్‌కు తేనెపట్టు గళ్ల గ్రిడ్ తగిలిస్తే కాయల మీదికి చిందే కాంతి మరింత తగ్గుతుంది. ఫ్రేముకు కింద, మనిషి ఒళ్లోనో ముందు నేల మీదో తెల్లటి పంచె పరిస్తే కిందినుంచి వచ్చే ఎరుపు చాలావరకు ఆగుతుంది. పూర్తిగా పోగొట్టాలని మాత్రం చూడకండి. కల్లంలో కూర్చున్న మనిషి ముఖాన కొంత ఎరుపు ఉండటమే న్యాయం. సాయంత్రం ఎండ పసుపుబారాక ఫ్లాష్ తెల్లగా, ముఖం నీలిఛాయతో అతికించినట్టు కనబడుతుంది. అప్పుడు సగం బలం ఉన్న నారింజ జెల్ (రంగు పారదర్శక కాగితం), అదే హాఫ్ సీటీఓ, లైటు ముందు పెట్టండి.

ఘాటు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు గాని, ఆ ధూళి లైటు గాలి రంధ్రాల్లోకీ వెళ్తుంది. పని అయ్యాక పొడి బ్రష్‌తో తుడిచి సంచిలో పెట్టండి.

తాడేపల్లి వెలుగు

ఒక్కటి కలుపుతాను. తొడిమలు తీసే మహిళలకు కూలి బుట్టల లెక్కనో, కిలోల లెక్కనో వస్తుంది. మన ఫొటో కోసం ఆపిన ప్రతి నిమిషం వాళ్ల సంపాదనలోంచి పోతుంది. ముందు మీ సహాయకుడిని వాళ్ల చోట కూర్చోబెట్టి వెలుగు సరిచూసుకోండి, ఆ తర్వాతే వాళ్లను పిలవండి, ఆపినంతసేపటికి డబ్బు ఇవ్వండి. మెరుపు కళ్లలో కొడుతుందని ముందే చెప్పి, ఒకసారి వెలిగించి చూపిస్తే బెదురు పోతుంది.

గవర్నరుపేట సర్వీస్

విమానం గురించి: 100 వాట్-అవర్ల లోపు లిథియం బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి, అటువంటి అదనపు బ్యాటరీలు రెండుకు మించి తీసుకెళ్లనివ్వరు. ఏడీ200 బ్యాటరీ 14.4 వోల్టులు, 2900 మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే 42 వాట్-అవర్ల లోపే. మీకు ఇబ్బంది లేదు. విడి బ్యాటరీలను మాత్రం లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. లైటు నుంచి బ్యాటరీ విడదీసి, ఒక్కొక్కదాని కొసలకు టేపు అంటించి, విడివిడి కవర్లలో ఉంచండి. వాట్-అవర్ల అంకె ముద్రించిన చీటీ చెరిగిపోకుండా చూసుకోండి. తనిఖీ దగ్గర వాళ్లు చూసేది అదే.